ట్రైలరూ, వానా, మా నాయనా

"ట్రైలరు" అన్న మాట నేను మొట్టమొదట చూసింది సినిమా హాల్లో కాదు, మా పెదనాయన ట్రాక్టరు తాలూకు ఆర్.సి. పుస్తకంలో. ట్రాక్టరు వెనక తగిలించి లాక్కుపోయే బండిని మా పల్నాడులో ట్రక్కు అంటాం. పుస్తకంలో మాత్రం దాని పేరు ట్రెయిలర్ అని వుంది. తరువాత సినిమా ట్రైలరు అనే మాట చెవిన పడ్డప్పుడు నాకో పెద్ద సందేహం వచ్చింది. సినిమాకు ముందొచ్చేదాన్ని వెనకొచ్చే బండి పేరుతో పిలవడమేమిటి? బడిలో మాస్టారిని అడిగితే, "ముందు ఎక్కాలు అప్పజెప్పరా" అన్నారు.

ఆ సందేహం యీ మధ్యనే తీరింది. మొదట్లో ట్రైలరు నిజంగానే వెనక వచ్చేదట. 1913లో న్యూయార్కులో మార్కస్ లో అనే ఆయన హాళ్ళకు ప్రచారం చూసే నిల్స్ గ్రాన్లండ్ అనే మనిషి, రాబోయే ఒక నాటకాన్ని గురించి చిన్న ఫిల్ము తయారు చేసి హాల్లో వేశాడు. ఆ కాలంలో ఇటువంటి ముక్కల్ని అసలు బొమ్మ అయిపోయాక తగిలించేవారు, ట్రాక్టరుకు ట్రక్కులాగా. అందుకే ఆ పేరు. అయితే బొమ్మ అయిపోగానే జనం లేచి వెళ్ళిపోతారాయె! ఖాళీ కుర్చీలకు ప్రచారం చేసి లాభమేముంది? అంచేత దాన్ని ముందుకు తెచ్చారు. పేరు మాత్రం వెనకే వుండిపోయింది. జనం ఎక్కడ వుంటే అక్కడికి తానే నడిచి వెళ్ళడం అనే గుణం ట్రైలరుకు పుట్టుకతోనే వచ్చిందన్నమాట.

సావనీరుకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, సైన్సు విద్యార్థిని గదా, ఏ లేసర్ కిరణాల గురించో రాస్తాననుకున్నారు. కాని నా మనస్సులో రెండేళ్ళ నుంచి ఒక విషయం మెలిపెడుతూ వుంది. అది ట్రైలరు గురించే. కాదు, వాన గురించి. ఏది అసలు విషయమో చివర్లో మీరే తేల్చండి.

మా తాత దగ్గర్నుంచి మొదలుపెడతాను. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక మావైపు వరి వచ్చింది. వరితోపాటు నాలుగు డబ్బులూ, డబ్బులతోపాటు టూరింగ్ టాకీసూ వచ్చాయి. మా వూరికి మూడు మైళ్ళలో డేరా వేసేవారట. పంట యిల్లు చేరాక ఎద్దులు ఖాళీ, బండి ఖాళీ, మా తాతా ఖాళీ. ఆ రోజుల్లో ఆయన బండి సినిమా ప్రచారానికి అద్దెకు వెళ్ళేది. బండికి రెండుపక్కలా వెదురు తడికెలు ఇంటికప్పు మాదిరి ఏటవాలుగా కట్టి, వాటిమీద వాల్‌పోస్టర్లు అంటించేవారు. ముందు డప్పు. లోపల గుమాస్తా కూర్చుని గులాబిరంగు కరపత్రాలు గాల్లోకి విసిరేవాడు. కరపత్రంలో కథ సగం వుండేది, కథానాయికకు కష్టం రాగానే ఆగిపోయేది. మిగతాది వెండితెర మీద చూసుకోవాలి! చదువు వచ్చిన పిల్లవాడు అరుగుమీద నిలబడి పైకి చదివితే, చదువు రానివాళ్ళు చుట్టూ చేరి వినేవారట. బండి అద్దె రోజుకు అయిదు రూపాయలూ, రెండు నేల టిక్కెట్లూ.

"ఆ డప్పు కొట్టే ఆయన ఎవరనుకున్నావు? మన వూరి చాటింపు ఆయనేరా" అంటాడు మా తాత. పొద్దున పంచాయతీ పనిమీద అదే డప్పు. 'రేపట్నుంచి కాలవ కట్టేస్తారహో, నారుమళ్ళకు నీళ్ళు పెట్టుకునేవాళ్ళు యివ్వాళే పెట్టుకోండహో' అని. సాయంత్రం సినిమా బండి ముందు మళ్ళీ అదే డప్పు. దాని మోత వింటే సినిమా సంగతో, నీళ్ళ సంగతో తెలియదు గనుక జనం వాకిట్లోకి వచ్చి తీరేవారు. సినిమాకు పోయే స్తోమత లేనివాడు కూడా ఫలానా బొమ్మ ఆడుతోందని తెలుసుకునేవాడు. సినిమాలంటే గిట్టని మా ముత్తాతకు కూడా ఏ హాల్లో ఏ బొమ్మ వుందో తెలిసేదట, యిష్టం లేకుండానే.

తరువాతి కాలం మా నాయనది. నరసరావుపేట వెళ్ళి హాల్లో చూసిన తరం. లైట్లు ఆరగానే ముందు గాజు స్లైడ్లు. పొగ త్రాగరాదు, ఫలానా బట్టల కొట్టు, ఫలానా ఎరువుల కొట్టు. ఆపైన ఫిల్మ్స్ డివిజన్ వారి న్యూస్ రీలు. 1948లో పెట్టిన ఆ సంస్థ తీసిన వార్తాచిత్రాలు ప్రతి హాల్లోనూ వేసి తీరాలని నియమం వుండేది. ఎక్కడ వరదలొచ్చాయి, ఎక్కడ ఆనకట్ట కట్టారు అన్నీ అందులో వుండేవి. ఆ తరువాత, లేకపోతే విశ్రాంతిలో, "త్వరలో" అంటూ రాబోయే చిత్రం ట్రైలరు.

ఆ ట్రైలరు హాలుకు చేరడమంటే ఒక వస్తువు చేరడమే. లెక్క వేసి చూశాను. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలుంటాయి. సెకనుకు 24 బొమ్మలు కదలాలి. అంటే నిమిషానికి 90 అడుగులు. రెండున్నర నిమిషాల ట్రైలరుకు 225 అడుగుల ఫిల్ము, 3600 బొమ్మలు. మా చేలో బోరు లోతు కొంచెం అటూయిటుగా అంతే! అంత పొడుగు ఫిల్మును చుట్టచుట్టి, రేకు డబ్బాలో పెట్టి, బస్సు మీద వేసి పంపితే, ఒక వూరి హాల్లో ఆడి యింకో వూరి హాలుకు వెళ్ళాలి. కొత్తలో తళతళలాడిన బొమ్మ, మా దాకా వచ్చేసరికి గీతలు పడి వాన కురుస్తున్నట్టుండేదని మా నాయన చెబుతాడు. పైగా ఆ ముక్కకు కూడా సెన్సారు సర్టిఫికెట్టు వుండాలి. నేటికీ హాల్లో వేసే ట్రైలరుకు 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సర్టిఫికెట్టు కావలసిందే. అదే ట్రైలరు ఫోన్లోకి వస్తే అక్కర్లేదు.

రేడియో సంగతీ అంతే. 1967 నవంబరులో వివిధభారతికి వాణిజ్య ప్రకటనలు మొదలయ్యాక సినిమాలవాళ్ళు అక్కడికీ వచ్చారు. కళ్ళకు కనబడని ట్రైలరు అది, వట్టి చెవులకే. అయితే మా యింట్లో వున్నది ఒకటే రేడియో. సాయంత్రం స్టేషను తిప్పితే వ్యవసాయదారుల కార్యక్రమం, వాతావరణ సూచన. "ఉరుములతో కూడిన జల్లులు పడవచ్చును" అన్న గొంతూ, రాబోయే సినిమాలో హీరోగారి గొంతూ ఒకే అరుగుమీద ఒకే పెట్టెలోంచి వచ్చేవి. ఆ తరువాత దూరదర్శన్. శుక్రవారం సాయంత్రం చిత్రలహరికి పంచాయతీ ఆఫీసు టి.వి. ముందు వూరు వూరంతా కూర్చునేదట. పాటల కోసం వచ్చినవాళ్ళు వార్తలదాకా కూర్చునేవారు. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. ఈటీవీలో పొద్దున్నే 'అన్నదాత', మిగతా వేళల్లో కొత్త సినిమాల ట్రైలర్లు. అప్పటికి టి.వి. యింటింటికీ వచ్చింది. అయినా యింటిల్లిపాదికీ ఒకటే టి.వి.

ఇంత పొడుగున యిదంతా ఎందుకు చెప్పానంటే, ఇందులో నాకొక విశేషం కనబడుతోంది. డప్పు గాని, న్యూస్ రీలు గాని, రేడియో గాని, టి.వి. గాని, ట్రైలరు నడిచిన దోవలోనే వాన కబురు కూడా నడిచింది. ఒకదానికోసం చెవి వొగ్గినవాడికి రెండోది వద్దన్నా వినబడింది.

ఇక నా కాలం. 2005లో యూట్యూబ్ మొదలైంది. ఇంచుమించు ఆ రోజుల్లోనే క్యూబ్, యూఎఫ్ఓ వంటి కంపెనీలు హాళ్ళకు ఫిల్ము డబ్బాల అవసరం లేకుండా చేశాయి. ట్రైలరు ఆకాశంలోంచి ఉపగ్రహం మీదుగానో, చిన్న డిస్కులోనో వస్తుంది. గీతలు పడవు, వాన కురవదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మా వూళ్ళో కూడా డేటా చౌక అయింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. బర్రెలు కాసే కుర్రాడు చెరువుగట్టు మీద కూర్చుని ట్రైలరు చూడడం నా కళ్ళముందే మొదలైంది.

ట్రైలరు ఎక్కడెక్కడికి వెళుతోందో చూడండి. 2021 డిసెంబరు 9న 'ఆర్ఆర్ఆర్' ట్రైలరు ఒకేనాడు అయిదు భాషల్లో వచ్చింది. 2024 నవంబరు 17న 'పుష్ప-2' ట్రైలరును విడుదల చేసింది హైదరాబాదులో కాదు, బీహారులో, పాట్నా గాంధీ మైదానంలో! తెలుగు సినిమా ట్రైలరుకు పాట్నాలో మైదానం నిండా జనం. ఏళ్ళ తరబడి మన సినిమాలు హిందీ మాటలతో అక్కడి టి.వి.ల్లోనూ, ఫోన్లలోనూ ఆడాయి. జనం అక్కడున్నారని కనిపెట్టి ట్రైలరు అక్కడికి నడిచి వెళ్ళింది. ఈ చాకచక్యానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. వ్యంగ్యంగా అనడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి.

2023 మార్చి, మూడో వారం. నేను మొదటి సంవత్సరం విద్యార్థిని. అప్పటికి యింటి దగ్గర మిరపకాయ కోతలయి, కాయ కల్లంలో వుంది. మిరప గురించి తెలియనివారికి ఒక్క మాట. చేలో పండడంతో పని అయిపోదు. కోసిన కాయను కల్లంలో పరచి, తిరగేసుకుంటూ రోజుల తరబడి ఎండబెట్టాలి. ఆ రోజుల్లో ఒక్క వాన పడితే కాయ రంగు పోయి తాలు అవుతుంది. ఏడాది కష్టం మొత్తం ఆకాశం కింద, నేలమీద, ఎర్రగా, దిక్కులేకుండా పరచి వుంటుంది.

మా నాయనది బటన్ ఫోను. కల్లం రోజుల్లో ఆయన రోజూ సాయంత్రం నాకు ఫోన్ చేసేవాడు. "అబ్బాయ్, వాన వుందేమో చూడు" అనేవాడు. నేను ఫోన్లో వాతావరణశాఖ వారి సూచన చూసి, "ఏం లేదు నాయనా, పడుకో" అనో, "పట్టలు కప్పు" అనో చెప్పేవాణ్ణి. వందల మైళ్ళ దూరంలో వున్న కొడుకు కల్లానికి కాపలా కాస్తున్నాడని ఆయనకు లోలోపల గర్వం కూడా. మా చెల్లి చెప్పింది.

ఆ రోజు సాయంత్రం ఒక సినిమా ట్రైలరు విడుదల. పేరు చెప్పను, అభిమానులు నొచ్చుకుంటారు. ఆ అభిమానుల్లో నేనూ ఒకణ్ణి. హాస్టలు వరండాలో ముప్పయిమందిమి చేరాం. అవతలి హీరో ట్రైలరు ఒక్కరోజులో ఎన్ని లక్షలమంది చూశారో మావాళ్ళ దగ్గర లెక్కలున్నాయి. దాన్ని కొట్టాలి. ఎలా చూస్తే లెక్కలోకి వస్తుందో, ఎలా చూస్తే రాదో చెప్పడానికి సీనియర్లున్నారు. మధ్యలో ఆపకూడదు. మధ్యలో ఫోన్ వస్తే బొమ్మ ఆగిపోతుంది. అంచేత ఎవరి కాల్సూ మోగకుండా ఫోను నోరు నొక్కేయాలి. అందరం నొక్కాం. నేనూ నొక్కాను. రాత్రి పదకొండున్నర దాకా తిప్పి తిప్పి చూశాం. గొంతులు పోయేదాకా ఈలలు వేశాం. నిజం చెప్పొద్దూ, ఆనందంగానే వుండింది.

పొద్దున్న లేచి చూస్తే మా నాయన నంబరు నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. మొదటిది ఏడింటికి, చివరిది ఎనిమిదింపావుకు.

ఫోన్ చేశాను. "ఏం లేదులే" అన్నాడు. కాసేపాగి, "కాయ తడిసింది" అన్నాడు. రాత్రి రెండింటప్పుడు ఉరుములు మొదలయ్యాయట. అమ్మా, నాయనా, తాతా పరుగెత్తి వెళ్ళి పట్టలు కప్పేలోపే సగం కల్లం నానిపోయింది. "మరి యింకా చెయ్యకపోయినావా నాయనా, నేను ఎత్తేదాకా?" అన్నాను, తప్పు ఆయన మీదికి నెడుతున్నట్టుగా.

"చదువుకుంటున్నావేమోననుకున్నారా" అన్నాడు.

ఆ మాటకు బదులుగా తిట్టినా బాగుండేది. ఫోను పెట్టేసి వాతావరణశాఖ వారి సూచన తీసి చూశాను. ఉరుములతో వాన వుందని ముందురోజే వేశారు. ఆ హెచ్చరిక నా చేతిలోనే, ఆ ఫోన్లోనే, ట్రైలరుకు ఒక వేలు దూరంలో వుంది. ట్రైలరు చెప్పిన నిమిషానికి వచ్చి, గంట మోగించి, నన్ను పేరుపెట్టి పిలిచింది. వాన కబురు మాత్రం నేను వెళ్ళి అడిగితేనే గాని పలకలేదు. నేను అడగలేదు.

ఆ యేడు గుంటూరు యార్డులో మా కాయ ముప్పయి టిక్కీల్లో పదమూడు తాలు కింద పోయాయి. ఎంత నష్టమో మా నాయన నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. హాస్టలు బిల్లు మాత్రం టైముకే వచ్చింది. ఎక్కడినుంచి తెచ్చాడో ఊహించగలను.

ఇది చదివి, ఇతను సినిమాలు మానెయ్యమంటాడు కాబోలు అనుకోకండి. నేనే మానలేదు. తప్పు ట్రైలరుదీ కాదు, ఫోనుదీ కాదు, నాది. కాని నా తప్పు ఒక్కటే చూసి వూరుకుంటే సంగతి పూర్తిగా తెలియదు. డప్పు వీధికి వచ్చేది. ఫోను మనిషికి వస్తుంది. వీధికి వచ్చినది అందరికీ వినబడింది. మనిషికి వచ్చేది అతను నిన్న ఏది చూశాడో దాన్నిబట్టి వస్తుంది. నేను ట్రైలర్లు చూస్తాను గనుక నాకు ట్రైలర్లు వస్తాయి. వాన వెతికేది రోజుకోసారి, అదీ మా నాయన అడిగినప్పుడు. కాబట్టి నా ఫోనుకు నేను రైతు కొడుకునని తెలియదు. మా నాయన బటన్ ఫోనుకు ఏదీ రాదు. ట్రైలరూ, వానా ఒకే డప్పు మీద నడిచిన రోజులు పోయి, ట్రైలరుకు రాజమార్గం, వానకు కాలిబాట అయ్యాయి.

రైతుకు కబురు చెప్పే ఏర్పాట్లు లేవని కాదు. 2019లో 'మేఘదూత్' అనే యాప్ వచ్చింది, పిడుగులకు 'దామిని' వుంది. మంచివే. కాని అవి తెరిచి చూసినవాడికే గదా! 2023లోనే ఇంకో వింత జరిగింది. మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. టెలికాంశాఖ వారు పరీక్ష కోసం పంపిన అత్యవసర సందేశం ఒకటి పెద్ద మోతతో ఫోన్లలో మోగి, మనుషుల్ని హడలగొట్టింది. దాన్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. అది ఫలానా నంబరుకు పోయే సందేశం కాదు. ఫలానా టవరు కింద ఏ ఫోనుంటే ఆ ఫోను, అడిగినా అడగకపోయినా. మా ఫిజిక్సు లెక్చరర్ గారు దాని పద్ధతి వివరిస్తుంటే నాకు మా తాత బండి గుర్తుకొచ్చింది. ఇది డప్పే! మనిషి పేరు అడగని డప్పు. ప్రతి పెద్ద ప్రమాదానికీ, ప్రతి చిన్న ఫోనుకూ అది అందే రోజు రావాలని నా కోరిక.

అంతదాకా మేమొక చిన్న ఉపాయం చేసుకున్నాం. నిరుడు కల్లం రోజుల్లో రోజూ సాయంత్రం ఆరున్నరకు నేను వాతావరణ సూచన చూసి, మా పక్కింటి అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. వాడు రామాలయం మైకులో చెప్పాడు. "రేపు రాత్రి వాన వుంది, కల్లాల మీద పట్టలు కప్పుకోండి" అని. మొదటిరోజు జనం నవ్వారట. వారం తిరక్కముందే, ఆరున్నరకు మైకు మోగకపోతే, "ఏరా, యివ్వాళ చాటింపు లేదా?" అని అడగడం మొదలుపెట్టారు. రెండుసార్లు సూచన తప్పింది, వాన రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు. కప్పిన పట్ట తీసేయడం పెద్ద కష్టమేమీ కాదు.

మైకు పట్టుకున్న మావాడు వూరుకోడు గదా! వాన సంగతి అయ్యాక, నరసరావుపేటలో ఏ సినిమా వచ్చిందో, ఆట ఎన్ని గంటలకో కూడా చెప్పేస్తున్నాడు. పెద్దవాళ్ళు మందలించబోతే మా తాత అడ్డుపడ్డాడట. "చెప్పనియ్యండ్రా, సినిమా కోసమైనా చెవి యిటు పెడతారు" అన్నాడట.

మిత్రులారా, మన హాస్టల్లో సగంమంది పొలాల నుంచి వచ్చినవాళ్ళమే. ఈ సంవత్సరం కూడా పెద్ద పెద్ద ట్రైలర్లు వస్తాయి. చూద్దాం, ఈలలు వేద్దాం, లెక్కలు బద్దలు కొడదాం. అందరి కాల్సూ మూసేసుకున్నా ఒక్క నంబరు మాత్రం మోగేటట్టు వుంచుకునే ఏర్పాటు ప్రతి ఫోన్లోనూ వుంది. నాకు తెలియక అడిగితే మా రూమ్మేటు అర నిమిషంలో చేసి చూపించాడు. మీ నాన్నగారి నంబరుకు ఆ ఏర్పాటు చేసుకోండి. ఆయన నాలుగుసార్లు చేసి, మీరు చదువుకుంటున్నారనుకుని వూరుకునే మనిషి అయితే మరీ.